జనవరి ఐదు ఎప్పటికీ జనవరి ఐదే

2018లో నేను పనిచేస్తున్న చోట, అప్పుల వాయిదాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మా బృందం చేతిలో ఉండేది. ఒకరోజు సపోర్ట్ వాళ్ల దగ్గర్నుంచి టికెట్ వచ్చింది. జనవరి 5న అప్పు తీసుకున్న ఒకాయన స్టేట్‌మెంట్ దించుకుంటే, అందులో అప్పు ఇచ్చిన తేదీ ఫిబ్రవరి 5 అని పడింది. దాంతో వడ్డీ కూడా ఒక నెలది తగ్గింది. ఆయనే ఫోన్ చేసి చెప్పారట: "తగ్గితే నాకు మంచిదే గానీ, రేపు మళ్లీ మీరే వచ్చి కట్టమంటారు. ఇప్పుడే సరిచేసి పంపండి" అని.

డేటాబేస్‌లో చూస్తే జనవరి 5 అనే ఉంది. అదే ఖాతా నేను తెరిచి స్టేట్‌మెంట్ తీస్తే జనవరి 5 అనే వచ్చింది. టెస్టులన్నీ పాస్. రెండు రోజులు వెతికాక దొరికింది. ఆయన ముందు "తర్వాతి వాయిదా ఎప్పుడు" అన్న పేజీ చూసి, అక్కణ్నుంచి స్టేట్‌మెంట్ పేజీకి వెళ్లారు. నేను నేరుగా స్టేట్‌మెంట్‌కి వెళ్లాను. అంతే తేడా.

ఆ వాయిదా పేజీలో ఒక చిన్న ఫంక్షన్ ఉండేది. దానికి అప్పు ఇచ్చిన తేదీని అందిస్తే తర్వాతి వాయిదా తేదీ చెప్పాలి. జావాస్క్రిప్ట్ కోడ్ అది. అందిన డేట్ (ఆ భాషలో తేదీని దాచే వస్తువు) మీదే నెలని మార్చే సెట్‌మంత్ పిలిచి, ఒక నెల ముందుకు జరిపి, దాన్నే తిరిగి ఇచ్చేది. జవాబు సరిగ్గానే వచ్చేది. కానీ దానికి అందింది తేదీ నకలు కాదు, అప్పు వివరాల్లో ఉన్న అసలు తేదీయే. పేజీ మారినా ఆ వివరాలు బ్రౌజర్ మెమరీలో అలాగే ఉంటాయి, స్టేట్‌మెంటు కూడా వాటితోనే తయారవుతుంది. కాబట్టి వాయిదా ఎప్పుడని అడిగినందుకు అప్పు పుట్టిన తేదీ నెల జరిగిపోయింది. ఆయన ఆ పేజీ రెండుసార్లు చూసి ఉంటే మార్చి 5 అయ్యేది.

టెస్టులు దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, ప్రతి టెస్టూ తన తేదీని తనే కొత్తగా తయారు చేసుకునేది. ఫంక్షన్ సరైన జవాబు ఇచ్చిందా అని మాత్రమే చూసేది. ఇచ్చిన తేదీని ఫంక్షన్ ఏం చేసి వదిలిందో ఎవరూ చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాదు. ఐదుకి ఒకటి కలిపితే ఎంత అని అడిగితే ఆరు అంటారు. అడిగాక ఐదు ఇంకా ఐదుగానే ఉందా అని వెనక్కి తిరిగి చూసేవాళ్లు ఎవరుంటారు?

నా వాదనంతా ఇక్కడే ఉంది. తేదీ అంటే ఐదులాంటిదే. అది పెట్టె కాదు, ఒక విలువ. పెట్టెలో వేరే వస్తువు పెట్టవచ్చు. "అప్పు ఇచ్చిన తేదీ" అన్న గడిలో నిన్న ఒక తేదీ, ఈరోజు ఇంకొకటి ఉండవచ్చు, పొరపాటున పడితే దిద్దుకోవచ్చు. మారేది ఆ గడి. జనవరి ఐదు మారదు, మారడం అన్న మాటకే అక్కడ అర్థం లేదు. తేదీని మార్చే మెథడ్ ఇస్తున్న లైబ్రరీ ఈ రెంటినీ కలగాపులగం చేసి మన చేతికిస్తోంది. ఆ తర్వాత మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా ఆ కలగాపులగంలోనే బతకాలి.

ఈ మాట బృందంలో అన్నప్పుడు మొదట ఎదురైన జవాబు: "మార్చకూడదని అందరం అనుకుంటే పోలా? లోపలికి రాగానే ఒక కాపీ తీసుకుందాం." కొన్నాళ్లు అదే చేశాం. తేదీ ఫంక్షన్‌లోకి వచ్చేటప్పుడు ఒక కాపీ, బయటికి ఇచ్చేటప్పుడు ఒక కాపీ. ఒక్కచోట మరిచిపోతే చాలు, తప్పు మళ్లీ మొదటికొస్తుంది, అదీ మరిచిపోయిన చోట కాదు, ఇంకెక్కడో బయటపడుతుంది. పైగా కోడ్ చదివేవాడికి ఈ కాపీ అవసరమా అనవసరమా తెలియదు. అనవసరం అనుకుని ఒకరు తీసేస్తారు. నేనే ఒకటి తీసేయబోయి ఆగాను.

పేరు ముందు కాన్స్ట్ (మార్చకూడదని భాషకి చెప్పే మాట) అని రాస్తే సరిపోదా అని కొత్తవాళ్లు అడుగుతారు. కాన్స్ట్ కాపాడేది పేరుని. ఆ పేరు ఇంకో వస్తువుని చూపించకుండా ఆపుతుంది, ఆ వస్తువు లోపల మారకుండా ఆపదు. జావాలో ఫైనల్ సంగతీ అంతే. అయితే ఆబ్జెక్ట్.ఫ్రీజ్ వాడదాం అన్నారు ఇంకొకరు. డేట్ మీద అది కూడా పనిచేయదు. ఫ్రీజ్ చేసిన డేట్ మీద సెట్‌మంత్ పిలిచి చూడండి, హాయిగా మారిపోతుంది. ఫ్రీజ్ బిగించేది పైకి కనబడే ప్రాపర్టీలని. డేట్ తన అంకెని దాచుకునేది లోపలి అరలో, ఫ్రీజ్ చెయ్యి అక్కడికి అందదు. బయటినుంచి తాళం వేయడం కుదరని వస్తువు అది. తాళం పుట్టుకలోనే ఉండాలి.

ఈ పొరపాటు ఎంత పాతదో తెలిస్తే బాధేస్తుంది. బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజుల్లో జావాస్క్రిప్ట్ మొదటి రూపం తయారు చేశారు. చూడటానికి జావాలా ఉండాలని పైనుంచి ఒత్తిడి. అందుకని డేట్‌ని జావా నుంచే తెచ్చి పెట్టారు. నెలలు సున్నా నుంచి మొదలవడం, సంవత్సరాన్ని 1900 నుంచి లెక్కపెట్టడం, సెట్ అనే మెథడ్‌లు, అన్నీ దానితోపాటే వచ్చాయి. అటు జావా మొదటి వెర్షన్ 1996 జనవరిలో వచ్చింది. 1997లో 1.1 వచ్చేసరికి ఆ డేట్‌లోని మెథడ్‌లలో చాలావాటిని వాడొద్దని జావా వాళ్లే ముద్ర వేశారు. బదులుగా ఇచ్చిన క్యాలెండర్ క్లాసు కూడా మారేదే. నాకు ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, అదే జావా మొదటి వెర్షన్‌లోనే స్ట్రింగ్ (అక్షరాల వరస) ఇమ్యూటబుల్, అంటే మారనిది. ఒక పేరుని పెద్దక్షరాల్లోకి మార్చమంటే అసలు పేరు అలాగే ఉండి కొత్త పేరు వస్తుంది. పేరుకి దక్కిన ఆ మర్యాద పక్కనే ఉన్న తేదీకి దక్కలేదు.

స్టీఫెన్ కోల్‌బోర్న్ 2002లో జావా కోసం జోడా-టైమ్ అనే లైబ్రరీ మొదలుపెట్టి, తేదీలు మారకుండా ఉంటే కోడ్ ఎంత తేలికగా ఉంటుందో చూపించారు. అలాంటి తేదీలని జావాలోకే తెచ్చే ప్రతిపాదన, జేఎస్ఆర్-310, 2007లో మొదలైంది. అది జావాలోకి అధికారికంగా వచ్చింది 2014 మార్చిలో, జావా 8తో. మొదటి తప్పుకీ దిద్దుబాటుకీ మధ్య 18 ఏళ్లు. పీహెచ్‌పీ భాష 2006లో మారే డేట్‌టైమ్ ఇచ్చి, 2013లో మారనిదాన్ని దాని పక్కన పెట్టింది. నేటికీ రెండూ ఉన్నాయి. పైథాన్ వాళ్లు మాత్రం 2003లో 2.3 వెర్షన్‌తో డేట్‌టైమ్ మాడ్యూల్ ఇచ్చినప్పుడే మారని రకంగా ఇచ్చారు. అందుకే పైథాన్‌లో పనిచేసేవాళ్లకి నేను చెప్పే ఈ గొడవ సగం అర్థం కాదు. జావాస్క్రిప్ట్ ప్రపంచంలో ఏళ్లపాటు అందరూ వాడిన మొమెంట్ లైబ్రరీలో కూడా తేదీలు మారేవే. 2020 సెప్టెంబరులో దాన్ని నడిపేవాళ్లే, ఇక కొత్త ప్రాజెక్టులకి దీన్ని తీసుకోవద్దని చెప్పి, తేదీలు మారడాన్ని కారణాల్లో ఒకటిగా ఒప్పుకున్నారు. అంత జనాదరణ ఉన్న లైబ్రరీ గురించి అలా బహిరంగంగా చెప్పడానికి ధైర్యం కావాలి. వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

పాత డేట్‌కి బదులుగా జావాస్క్రిప్ట్‌లోకి మారని తేదీలని తెచ్చే టెంపొరల్, మేం ఈ పని మొదలుపెట్టేనాటికి ఇంకా ప్రతిపాదనగానే ఉంది. మాకు ఆగే వీలు లేదు. మా తేదీని, అంటే తేదీల కోసం ఒక కొత్త టైప్‌ని (డేటా రకాన్ని), మేమే కట్టుకున్నాం.

ముందు తేల్చుకోవాల్సింది, లోపల ఏం దాచాలి అన్నది. సంవత్సరం, నెల, రోజు అని మూడు అంకెలు దాచవచ్చు. జావా 8తో వచ్చిన లోకల్‌డేట్ అలాగే చేస్తుంది. లేదా ఒకే అంకె దాచవచ్చు: ఒక మొదటి రోజు నుంచి ఇప్పటికి ఎన్ని రోజులు. నేను రెండోది ఎంచుకున్నాను. 1970 జనవరి 1 సున్నా అనుకుంటే, ఆ స్టేట్‌మెంట్ ఆయన 2018 జనవరి 5 అంటే 17,536. పది రోజుల తర్వాత అంటే 17,546. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు అంటే ఒక తీసివేత. వడ్డీ లెక్కలకి కావాల్సింది ఎక్కువగా ఇదే.

ఇది మన పంచాంగకర్తలకి కొత్త సంగతి కాదు. కలియుగం మొదలైందని చెప్పే రోజు నుంచి, అంటే జూలియన్ లెక్కలో క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 నుంచి, గడిచిన రోజుల సంఖ్యని అహర్గణం అంటారు. తిథి క్షయం కావచ్చు, రెండు సూర్యోదయాలకి ఒకే తిథి రావచ్చు, 2023లో వచ్చినట్టు శ్రావణం ముందు అధిక శ్రావణం రావచ్చు. అహర్గణం మాత్రం రోజుకి ఒకటి చొప్పున పెరుగుతూ పోతుంది. గ్రహగణితం చేసేవాళ్లు ముందు దాన్ని పట్టుకునేది అందుకే. నెలలూ తిథులూ మనుషులు చదువుకోవడానికి, లెక్కకి అహర్గణం. నా టైప్ లోపల ఉన్నది కూడా ఒక అహర్గణమే, మొదలుపెట్టిన రోజు ఒక్కటే వేరు.

ఆ అంకెని మళ్లీ సంవత్సరం, నెల, రోజుగా విడదీయడం నాకు చాలా ఇష్టమైన భాగం. హోవర్డ్ హిన్నంట్ అందరికీ తెలిసేలా వివరించిన పద్ధతి ఉంది, సీ++ 20లో చేరిన తేదీల భాగం వెనక ఆయనే ఉన్నారు. కిటుకు ఏమిటంటే, ఏడాది మార్చి 1న మొదలవుతుందనుకోవడం. అప్పుడు ఫిబ్రవరి 29 అనే తలనొప్పి ఏడాది చిట్టచివరికి పోతుంది, మధ్యలో దేన్నీ కదిలించదు. మార్చి నుంచి జూలై దాకా ఐదు నెలలకి 153 రోజులు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మళ్లీ సరిగ్గా 153. ఆ క్రమం ఒక్క గుణకారం, ఒక్క భాగహారంలో ఇమిడిపోతుంది, పట్టికలు అక్కర్లేదు. పాత రోమన్ల ఏడాది మార్చితోనే మొదలయ్యేది కాబట్టే సెప్టెంబరు ఏడోది, డిసెంబరు పదోది అని పేర్లు మిగిలాయి. 400 ఏళ్లకి 146,097 రోజులు. అది ఏడుతో నిశ్శేషంగా పోతుంది, కాబట్టి 400 ఏళ్లకి వారాలతో సహా క్యాలెండరు తిరిగి మొదటికి వస్తుంది. ఇదంతా పది పన్నెండు లైన్ల కోడ్. మొదటిసారి రాసి, వరసగా 400 ఏళ్ల రోజులన్నిటి మీదా నడిపి, ఒక్క తేడా కూడా రానప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

మారకపోవడం ఇక్కడ ఇంకో మేలు చేసింది. లోపల ఒక అంకె ఉందా మూడు ఉన్నాయా అన్నది బయటివాళ్లకి తెలియాల్సిన పనే లేదు. నెల ఎంత అని మొదటిసారి అడిగినప్పుడు లెక్కగట్టి పక్కన రాసి ఉంచుకుంటే, మళ్లీ అడిగితే అదే చెప్పవచ్చు. తేదీ మారదు కాబట్టి ఆ రాసిపెట్టుకున్నది ఎప్పటికీ పాతబడదు.

పుట్టేటప్పుడే పరీక్ష పెట్టడం రెండో నిర్ణయం. పాత డేట్‌కి 2023 ఫిబ్రవరి 30 అని చెబితే కిమ్మనకుండా మార్చి 2 చేసి ఇస్తుంది. ఫారంలో తప్పు టైప్ చేసినవాడికి అది తప్పని ఎవరూ చెప్పరు. మాదాంట్లో లేని తేదీ పుట్టనే పుట్టదు, ఎర్రర్ వస్తుంది. (ఫిబ్రవరి 30 చరిత్రలో ఒకసారి నిజంగానే ఉంది: స్వీడన్‌లో, 1712లో. ఆ దేశపు పాత రికార్డుల మీద పనిచేసేవాళ్లకి మా టైప్ పనికిరాదు, వాళ్లకి వేరే క్యాలెండరు కావాలి.) ఒకసారి పుట్టిన తేదీ సరైనదే అయి ఉంటుంది, ఆ తర్వాత మారదు, కాబట్టి ఎప్పటికీ సరైనదే. మారే వస్తువు విషయంలో ఈ మాట అనలేం. పుట్టినప్పుడు చూశాం సరే, ఇప్పుడెలా ఉందో?

ఇక నెల కలపడం. ఎక్కువ వాదనలు జరిగింది దీని మీదే.

జనవరి 31కి ఒక నెల కలిపితే ఏం రావాలి? జావాస్క్రిప్ట్ డేట్, పీహెచ్‌పీ ఏమంటాయంటే, ఫిబ్రవరి 31 అంటే ఫిబ్రవరి 28 దాటి మూడు రోజులు, కాబట్టి మార్చి 3. జావా లోకల్‌డేట్ ఫిబ్రవరి 28 దగ్గర ఆగుతుంది. సీ++ 20 అయితే ఫిబ్రవరి 31 అనే తేదీనే ఇచ్చి, ఇది చెల్లుతుందా అని మీరే అడిగి చూసుకోండి అంటుంది. మూడింటికీ కారణాలున్నాయి. కానీ వాయిదాలు కట్టేవాడి వైపు నుంచి చూస్తే మొదటిది ఘోరం. మా పాత కోడ్‌లో జనవరి 31న మొదలైన అప్పుకి ఫిబ్రవరి వాయిదా అన్నదే ఉండేది కాదు. జనవరి 31, మార్చి 3, ఏప్రిల్ 3, మే 3. అక్కణ్నుంచి ఆ అప్పు జన్మంతా మూడో తారీఖే.

నెలాఖరు దగ్గర ఆగడమే మేం ఎంచుకున్నాం. అయినా తేదీ మారనిది అయినంత మాత్రాన ఇక్కడ పని అయిపోలేదు, ఇది నిజాయితీగా చెప్పాలి. ముందు వాయిదాకి నెల, దానికి మళ్లీ నెల, ఇలా కలుపుకుంటూ పోతే జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 28, ఏప్రిల్ 28 వస్తుంది. 31 అన్న సంగతి ఫిబ్రవరిలోనే చచ్చిపోయింది. మొదటి తేదీ నుంచే ప్రతిసారీ ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు అని కలిపితే ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30 సరిగ్గా వస్తాయి. ఈ రెండో దారి పట్టాలంటే మొదటి తేదీ చెక్కుచెదరకుండా చేతిలో ఉండాలి. మారే డేట్‌తో లూప్ రాసేవాళ్లందరూ సహజంగా మొదటి దారిలోకే పోతారు, ఎందుకంటే వాళ్ల చేతిలో ఉన్నది జరుగుతూ పోతున్న ఒక్క తేదీయే. మారని తేదీ సరైన దారిలోకి మిమ్మల్ని తోసేయదు, కానీ ఆ దారిని తెరిచి ఉంచుతుంది. మేం వాయిదాల పట్టిక కోసం మొదటి తేదీనీ వాయిదాల సంఖ్యనీ తీసుకునే ఫంక్షన్ ఒకటి లైబ్రరీలోనే పెట్టి, చేత్తో లూప్ రాయాల్సిన అవసరం లేకుండా చేశాం.

వేగం తగ్గుతుందని ఒక అభ్యంతరం వచ్చింది. కలిపిన ప్రతిసారీ కొత్త వస్తువు పుడుతుంది కదా అని. ఇరవై ఏళ్ల ఇంటి అప్పుకి 240 వాయిదాలు, అంటే 240 చిన్న వస్తువులు. రోజువారీ వడ్డీ పట్టిక వేసినా ఇరవై ఏళ్లకి 7,305. ఒక్కొక్క దాంట్లో ఒక అంకె. బ్రౌజర్‌కి ఇది లెక్కలోది కాదు. తెర మీద కదిలే బొమ్మలో సెకనుకి లక్షల చుక్కలు లెక్కగట్టేవాళ్లు ఈ బెంగ పెట్టుకోవచ్చు, తేదీల దగ్గర కాదు. పైగా కాపీల మీద కాపీలు తీసిన పాత కోడే కొత్తదానికంటే ఎక్కువ వస్తువులు పుట్టించేది.

కొత్త టైప్ వచ్చిన వారానికి, మా బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి నా పక్కన నిలబడింది. "అక్కా, పది రోజులు కలిపాను, కానీ తేదీ కదలట్లేదు." చూస్తే ఒక లైన్‌లో తేదీకి యాడ్ పిలిచింది, తిరిగి వచ్చినదాన్ని ఎక్కడా పట్టుకోలేదు. ఆ తప్పు తనది కాదు. యాడ్ అన్న మాట వినగానే ఉన్నదానికే కలుపుతుందని ఎవరైనా అనుకుంటారు, డబ్బాలో పంచదార వేసినట్టు. పేరు పెట్టింది నేను. ఆ సాయంత్రమే యాడ్‌ని ప్లస్ చేశాం, సెట్‌ని విత్ చేశాం. జోడా-టైమ్ కూడా ఇవే పేర్లు ఎందుకు ఎంచుకుందో అప్పుడు ఒంటబట్టింది. "ఐదు ప్లస్ ఒకటి" అని రాసి వదిలేస్తే ఏదో వెలితిగా కనబడుతుంది, జవాబు ఎక్కడికో పోవాలనిపిస్తుంది. సీ++లో నోడిస్కార్డ్ అని, రస్ట్‌లో మస్ట్‌యూజ్ అని రాస్తే, జవాబుని పారేసినప్పుడు కంపైలరే హెచ్చరిస్తుంది. మాకు ఆ వసతి లేదు కాబట్టి, కోడ్‌ని చదివి తప్పులు పట్టే లింట్ అనే సాధనానికి ఒక రూల్ రాసుకున్నాం. మారని టైప్ కట్టేవాళ్లు ఈ మూలని వదిలేయకూడదు. పాత టైప్‌లో తప్పు తెలియకుండా మారడం, కొత్తదాంట్లో తప్పు తెలియకుండా మారకపోవడం. రెండోది వెంటనే కళ్లబడుతుంది, అంతవరకు మేలే, కానీ అదీ తప్పే.

సమానత్వం దగ్గర జావాస్క్రిప్ట్ మాకు సాయం చేయలేదు. రెండు చోట్ల విడివిడిగా పుట్టిన రెండు జనవరి 5లని మూడు సమానాల గుర్తుతో పోలిస్తే వేరు వేరు అంటుంది, ఎందుకంటే అది చూసేది ఒకే వస్తువా అని, ఒకే విలువా అని కాదు. ఈక్వల్స్ ఇచ్చాం. మ్యాప్‌లో (ఒకదాన్ని బట్టి ఇంకోదాన్ని వెతికే పట్టికలో) కీగా వాడాలంటే 2018-01-05 అన్న అక్షరరూపం వాడమన్నాం. ఇది నాకు ఇప్పటికీ తృప్తి ఇవ్వని చోటు. విలువని విలువగా చూసే వసతి భాషలోనే ఉండాలి, లైబ్రరీ ఎంత చేసినా అతుకే.

టైప్‌లో గంటలు పెట్టకపోవడం గురించి కూడా చెప్పాలి, అడిగేవాళ్లు చాలామంది. మా పాత ఫారంలో పుట్టినతేదీ ఆగస్టు 15 అని నింపితే సర్వర్‌లో ఆగస్టు 14 అని పడేది. బ్రౌజర్‌లో అది హైదరాబాద్ అర్ధరాత్రి, యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయం) లోకి మార్చి పంపితే ఐదున్నర గంటలు వెనక్కి, అంటే 14వ తేదీ సాయంత్రం ఆరున్నర. ఆ తర్వాత తేదీ ముక్క మాత్రం కోసి దాచుకుంటే 14. దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటి ఉంది. 1990-07-12 అన్న అక్షరాలని పాత డేట్‌కి ఇస్తే యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. మనకి అది 12వ తేదీ ఉదయం ఐదున్నర, తేదీ సరిగ్గానే కనబడుతుంది. డాలస్‌లో ఉన్నవాళ్లకి మాత్రం 11 అని కనబడుతుంది. యూటీసీకి తూర్పున కూర్చుని టెస్ట్ చేసే మనకి అది ఎన్నడూ దొరకదు. పుట్టినతేదీకి గంటలు లేవు. లేనిదాన్ని పెట్టి, తర్వాత దాన్ని తీసేయబోతే ఇలాగే అవుతుంది.

తేదీ వేరు, క్షణం వేరు అన్న సంగతి మన పెళ్లిపత్రికలు వేసేవాళ్లకి బాగా తెలుసు. గురువారం రాత్రి రెండున్నరకి ముహూర్తం అని వేసి, పక్కనే "తెల్లవారితే శుక్రవారం" అని వేస్తారు. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి అది గురువారమే, ఇంగ్లీషు లెక్కలో శుక్రవారం వచ్చేసింది. రైలెక్కి వచ్చే చుట్టాలు తికమక పడకూడదని ఆ ఒక్క మాట. క్షణం ఒక్కటే, అది ఏ రోజుకి చెందుతుందో చెప్పడానికి ఇంకో నియమం కావాలి. నా టైప్‌లో కూడా "ఈరోజు" అని ఊరికే అడిగితే జవాబు రాదు. ఎక్కడి ఈరోజో చెప్పాలి. సర్వర్ యూటీసీలో ఉంటే, మన అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా దానికి ఇంకా నిన్నే. ఆ ఐదున్నర గంటల్లో కట్టిన వాయిదాలు నిన్నటి ఖాతాలో పడేవి. టైమ్‌జోన్ ఇవ్వనిదే ఈరోజు ఇవ్వం అనగానే కోడ్ అంతటా ఎర్రర్లు వచ్చాయి. ఒక్కొక్కటీ ఒక పాత తప్పు ఉన్న చోటు. కూర్చుని అన్నీ చూశాం.

ఇప్పుడు టెంపొరల్ వచ్చింది. 2021లో మూడో దశకి చేరి, 2025లో ఫైర్‌ఫాక్స్‌తో మొదలై బ్రౌజర్లలోకి అడుగుపెట్టింది. అందులో ప్లెయిన్‌డేట్ అని విడిగా ఉంది, మారదు, గంటలు లేవు, నెలాఖరు దగ్గర ఆగాలా ఎర్రర్ ఇవ్వాలా అన్నది మనమే చెప్పవచ్చు. చదివినప్పుడు, ఎక్కడో ఎవరో మనలాగే కూర్చుని ఇవే వాదనలు పెట్టుకున్నారని తెలిసింది.

మా టైప్ ఇంకా నడుస్తోంది. లోపలి అంకె తీసేసి ప్లెయిన్‌డేట్ పెట్టే రోజు వస్తే బయటి కోడ్‌లో ఒక్క లైన్ కూడా కదలదు. డేటాబేస్ డ్రైవర్ మాత్రం తేదీ గడికి ఇంకా పాత డేట్‌నే ఇస్తుంది. దాన్ని అందుకుని మా తేదీగా మార్చే ఫైల్ ఒక్కటి ఉంది. మొత్తం ప్రాజెక్టులో పాత డేట్ పేరు ఎత్తడానికి లింట్ ఒప్పుకునేది ఆ ఫైల్‌లోనే.